బంటి పోయినంక

7 సెప్టెంబర్ 2025, ఆదివారం

ఈ నోటుబుక్కు నేను నర్సుగ చేసే సబ్ సెంటర్ల మిగిలింది. ముందటి నాలుగు పేజీలల్ల బీపీలు రాసి ఉండె, చింపేసిన. ఎవ్వరు చదువుతందుకు కాదు. తల బరువైతున్నది, యాడనన్న దించుకోవాలె.

చర్చి నుంచి వచ్చినంక కెజియా మళ్ళ అడిగింది. "మమ్మీ, ఇంకో పగ్ కుక్కను తెచ్చుకుందామా?" మే నెల నుంచి ఇప్పటిదాక ఆ పిల్ల నోరు తెరిచి ఏమన్న అడిగిందంటే ఇదొక్కటే. పదకొండేండ్ల పిల్ల, కంచం ముంగట కూసోని గోడ దిక్కు చూస్తది. మా ఆయన ప్రేమ్ వెంటనే "తెద్దాం బిడ్డా" అన్నడు. నన్ను ఒక్క మాట అడగలే.

బంటి పోయి నాలుగు నెలలు కావస్తున్నది. ఎండకు పోయిండు. తాండూరు ఎండ, పైన రేకుల రూం, చప్పిడి ముక్కు కుక్క. మే పద్నాలుగు, బుధవారం, టీకాల రోజు. డ్యూటీకి ఎక్కే పెద్దేముల్ ఆటో పోతదేమో అని నేను ఉరుకుల మీద ఉన్న. బంటిని పై రూంల పెట్టి తలుపు దగ్గరికేసి పోయిన. పది గంటలకు కిందికి తీస్కరమ్మని అత్తమ్మకు చెప్పిన. అత్తమ్మ మర్చిపోయింది. పెద్దమనిషి, మరుపు ఎవరికైన వస్తది. ఎవ్వరి తప్పు కాదు.

అత్తమ్మ నవాబుపేట దిక్కు మా ఆడబిడ్డ దేవమ్మ ఇంటికి పోయింది. చేన్ల పనులున్నయని పోయింది. పనులు అయినంక వస్తది.

9 సెప్టెంబర్

కుక్క వద్దని ప్రేమ్‌కు గట్టిగ చెప్పాలె. ఇయ్యాల చెప్పలే.

13 సెప్టెంబర్, శనివారం

ప్రేమ్ పనిచేసే బండల పాలిష్ యూనిట్ల మల్లేశ్వర్ అని ఒకాయన ఉన్నడు. ఆయన ఎవరో కుక్కలు అమ్మేటాయన నంబర్ ఇచ్చిండట. ప్రేమ్ ఫోన్ల వీడియో వచ్చింది. పింక్ బట్ట మీద కుక్కపిల్ల, మూతి అసలు లేనే లేదు, కండ్లు రెండు బయటికి ఉబ్బి ఉన్నయ్. కెజియా ఆ వీడియో ఎన్నిసార్లు పెట్టుకున్నదో. నవ్వింది గూడ. నవ్వు చూసి నాకు సంబురమైంది, ఎనుకనే మొఖం తిప్పుకున్న. ఎందుకో తెల్వదు.

"బుధవారం సాయంత్రం తాండూరుకే తెచ్చి ఇస్తడంట" అన్నడు ప్రేమ్.

"తల్లి ఎట్లున్నదో చూసినమా?" అన్న.

"కుక్కపిల్లను కొంటున్నమా, సంబంధం చూస్తున్నమా?"

కెజియా మళ్ళ నవ్వింది. నేను గూడ నవ్విన.

17 సెప్టెంబర్, బుధవారం

టీకాలు అయిపోయి నాలుగింటికే వచ్చిన. బస్టాండు పక్కన కారుల వచ్చిండు ఆ మనిషి. డిక్కీల ప్లాస్టిక్ ట్రే, ఆ ట్రేల కుక్కపిల్ల, కింద పేపరు పరిచి ఉంది.

"ఎన్ని వారాలు?" అన్న.

"నలభై రోజులు. రెండు నెలలనుకోండి మేడం."

"నలభయ్యా, రెండు నెలలా?"

"తింటున్నది గద. వారాలతోని ఏం పని?"

"తల్లిని చూడొచ్చా?"

"హైదరాబాద్‌ల ఉన్నది. ఫోటో పంపుత."

"టీకా ఏసినరా?"

"మీరు నర్సంట గద. మీరే ఏసుకోండి." పెద్ద జోకు చెప్పినట్టు ప్రేమ్ దిక్కు తిరిగి నవ్విండు.

చేతులకు తీసుకున్న. గురగుర చప్పుడు. ముక్కు రంధ్రాలు గోరుతోని గీకిన గీతల లెక్క ఉన్నయ్. ఊపిరి తీసినప్పుడల్ల పక్కటెముకల కింద లోపలికి గుంజుకుంటున్నది. గిట్ల గుంజుకునే పసిపిల్ల సెంటర్‌కు వస్తే నేను ఒక్క నిమిషం ఆగ, చీటీ రాసి పెద్ద దవాఖానకు పంపుత. పాత అలవాటు, గడియారం చూస్కుంట లెక్కపెట్టిన.

"పగ్ అంటేనే గురక మేడం. అదే ముద్దు" అన్నడు ఆయన.

వద్దన్న. ప్రేమ్ మొఖం మాడ్చుకున్నడు. కెజియా ఏడ్వలే, ఒక్కటే అడిగింది. "మనం తీసుకోకపోతే అది ఏమైతది మమ్మీ?"

తీసుకుంటే ఆయన ఇంకొకటి పుట్టిస్తడు. తీసుకోకపోతే ఆ పిల్ల ఆ ట్రేలనే ఉంటది. ఏది మంచి, ఏది చెడ్డ?

బంటిని గూడ గిట్లనే కొన్నం. గిట్లనే కారు డిక్కీల నుంచి. వానికి గూడ గురక ఉండె. మేం గూడ వీడియోలు తీసినం.

అంటే బంటి ఎట్లైన ఎక్కువ రోజులు ఉండేటోడు కాదేమో. తలుపు తీసినా తీయకపోయినా. రోగం పుట్టుకతోనే ఉండెనేమో. అయితే అయి ఉండొచ్చు.

18 సెప్టెంబర్

నిన్న రాసింది మళ్ళ చదివిన. జర నిమ్మళమైంది.

20 సెప్టెంబర్, శనివారం

నిమ్మళం ఒక్క రోజు గూడ నిలవలే.

పశువుల దవాఖానల పనిచేసే హనుమంతు బిడ్డకు టీకా కోసం మా సెంటర్‌కు వచ్చిండు. కుక్క సంగతి అడిగిన. "చప్పిడి ముక్కుది వద్దే వద్దక్కా, ఊరకుక్కను సాదుకోండి" అన్నడు ముందు. కెజియా సంగతి చెప్పినంక ఆలోచించి, "అయితే వికారాబాద్‌ల అరుణాదేవి మేడం దగ్గరికి పోండి. కాలేజీల జువాలజీ చెప్పి రిటైర్ అయింది, ఇప్పుడు పగ్‌లను సాదుతది. ఊకె అమ్మే మనిషి కాదు. ఆమె దగ్గర కుక్కను మీరు చూసుడు కాదు, మిమ్మల్నే ఆమె చూస్తది" అన్నడు.

ఆ మాటకు నాకు భయమెందుకు అయ్యిందో.

28 సెప్టెంబర్, ఆదివారం

చర్చికి పోకుండ పొద్దున రైలుకే వికారాబాద్ పోయినం, ముగ్గురం. అనంతగిరి పోయే తొవ్వల ఇల్లు. చుట్టూ మామిడి చెట్లు, గాలి సల్లగ ఉంది. తాండూరుల బండల దుమ్ము మింగి మింగి ఉన్నోళ్ళకు అక్కడ ఊపిరి తీసుకుంటేనే హాయి.

అరుణాదేవి మేడంకు అరవై దాటినయేమో. కాటన్ చీర, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. గేటు దగ్గర్నే మా చేతులు కడిగించింది, చెప్పులు బయట ఇడిపించింది. "కుక్కపిల్లలకు ఇంకా టీకాలు కాలేదమ్మా" అన్నది. ఆ ఒక్క మాటకు ఆమె నాకు నచ్చింది.

కుక్కపిల్లలను చూపియ్యలే. "ముందుగాల తల్లిని చూడుండ్రి" అని రాణి అనే కుక్కను పిలిచింది. బంతి ఇసిరింది. అది ఉరికి తెచ్చింది. మళ్ళ ఇసిరింది. ఆరు సార్లు. తర్వాత నన్ను కూసోమని, "ఇను, చప్పుడు వస్తున్నదా?" అన్నది. చెవి దగ్గర పెట్టి ఇన్న. రాలే.

"రావొద్దు. గురక పెడితే ముద్దొస్తున్నదని అందరు వీడియోలు తీస్తరు. అది ఊపిరి కోసం కొట్లాడుతుంటది, మనం నవ్వుతుంటం."

ప్రేమ్ నేల దిక్కు చూసిండు. నేను గూడ.

రాణి మూతి జర పొడుగే ఉంది, టీవీల చూసే పగ్ లెక్క లేదు. ముక్కు రంధ్రాలు గుండ్రంగ తెరుచుకొని ఉన్నయ్. రాణివి, తండ్రి కుక్కవి ఎముకల ఎక్స్‌రేలు, కండ్ల రిపోర్టులు, అన్నీ ఒక ఫైల్ల పెట్టింది. "ఇది రెండో ఈత. ఇగ ఆపేస్త. దానికి గూడ పానం ఉంది గద" అన్నది.

అప్పుడు నాలుగు పిల్లలను చూపిచ్చింది. ఐదు వారాలవి. మెడలకు ఒక్కొక్క రంగు దారం. కెజియా సీదా ఎర్ర దారం దాని దగ్గరికి పోయింది. అన్నిట్ల చప్పిడి ముక్కు దానిదే, బంటి లెక్కనే ఉంది.

"అది ఎవ్వరికి ఇయ్య నాన్నా" అన్నది మేడం. "చూడు, ముక్కు బొక్కలు సన్నగ ఉన్నయ్. మంచి తల్లికి గూడ ఒక్కోసారి గిట్ల పుడ్తది. పెద్దగైతే ఆపరేషన్ చేయిస్త. నా దగ్గర్నే ఉంటది." పచ్చ దారం దాన్ని తీసి కెజియా ఒళ్ళ పెట్టింది. "దీని మూతి పొడుగని ఫోటోలు అడిగినోళ్ళు ఎవ్వరు మెచ్చుకోలే. ఆరోగ్యం మటుకు దీనిదే మంచిగ ఉంది."

ఆ తర్వాత మమ్మల్ని అడుగుడు మొదలువెట్టింది. ఇంట్ల కూలర్ ఉన్నదా? కరెంటు పోతే? ఎండాకాలం ఏ టైముకు బయటికి తిప్పుతరు? పగటిపూట ఇంట్ల ఎవరుంటరు?

"మా అత్తమ్మ ఉంటది" అన్న. ప్రేమ్ నా దిక్కు చూసిండు.

"ఇంతకు ముందు కుక్క ఉండెనా?"

"ఉండె మేడం. పోయింది. గుండె జబ్బు."

ఎట్ల వచ్చిందో ఆ మాట. గుండె జబ్బని నేను ఎప్పుడు, ఎవ్వరితోని అనలే. నోట్లకెల్లి అట్లనే జారింది.

"ఏ డాక్టర్ చెప్పిండు గుండె జబ్బని?"

నేను తడుముకుంటుంటే, పచ్చ దారం దాన్ని దువ్వుకుంటనే కెజియా అన్నది, "కాదు. నానమ్మ తలుపు తియ్యలే. పై రూంల ఎండకు సచ్చిపోయిండు."

మేడం కండ్లజోడు తీసింది.

"పిల్ల ఒకటి చెప్తున్నది, నువ్వు ఒకటి చెప్తున్నవ్. నేను తప్పు పడ్తలేనమ్మా. పొరపాటైన ఇంటికి ఇయ్యననేం లేదు. కాని ఏం జరిగిందో నాకు తెలవాలె. మీ అత్తమ్మను తోలుకొని రా. పగలంత దాంతోని ఉండేది ఆమెనే అంటున్నవ్ గద, ఆమెతోని మాట్లాడినంకనే ఏ సంగతి చెప్త."

రైల్ల ప్రేమ్ ఒక్కటే అడిగిండు, "గుండె జబ్బని ఎందుకన్నవ్?"

"అత్తమ్మ పేరు బద్నాం చేసుడెందుకని" అన్న.

మంచిదానివి అన్నట్టు నా చెయ్యి పట్టుకున్నడు. చెయ్యి గుంజుకోబుద్ధయింది. గుంజుకోలే.

29 సెప్టెంబర్

సరిగ్గ రాయాలె. ఆ రోజు ఏమైందో.

పొద్దున ఎనిమిది. కెజియా చర్చిల వీబీఎస్‌కు పోయింది, సెలవుల బైబిల్ బడి, సాయంత్రం దాక. ప్రేమ్ యూనిట్‌కు పోయిండు. బంటి నా టీకాల రిజిస్టర్ కొరికిండు, రెండు పేజీలు చినిగినయ్. కోపమొచ్చింది. ఎత్తుకొని పైకి తీస్కపోయిన. తలుపు దగ్గరికేసిన. గొళ్ళెం పెట్టిన, లేకపోతే నూక్కొని వస్తడు. కిందికి వచ్చి అత్తమ్మకు చెప్పిన.

అత్తమ్మ ఏడ ఉండె? వంటింట్ల. లేకపోతే బయట అరుగు మీద. మొఖం యాదికొస్తలేదు. చెప్పిన మాట యాదికున్నది, ఇన్న మొఖం యాదికొస్తలేదు. గట్ల అయితదా ఎవరికన్న?

2 అక్టోబర్

సెలవు. అందరు ఇంట్లనే ఉన్నరు. కెజియా కాగితం మీద కుక్క బొమ్మ గీసి పచ్చ దారం రంగు ఏసింది. అత్తమ్మను తోలుకొని రమ్మని ప్రేమ్ పొద్దటి నుంచి అంటున్నడు. "నేను పోతే రాదు. నేనే గద లొల్లి పెట్టుకున్నది. నువ్వు పో, నువ్వైతే ఏమనలే."

నేనైతే ఏమనలే.

5 అక్టోబర్, ఆదివారం

నవాబుపేట దిగి, అక్కడి నుంచి ఆటోల దేవమ్మ వాళ్ళ ఊరికి పోయిన. అత్తమ్మ చేను గట్టు మీద కూసోని చింతపండు పులుసుతోని సద్ది తింటున్నది. బక్కగైంది. నన్ను చూసి, "తిన్నవా?" అన్నది. ఎప్పుడు కలిసినా అదే అడుగుతది.

పక్కన కూసోని సంగతంత చెప్పిన. కెజియా సంగతి, వికారాబాద్ మేడం సంగతి, పచ్చ దారం కుక్కపిల్ల సంగతి. అంత ఇన్నది. చెయ్యి కడుక్కున్నది. కొంగుకు తుడుచుకున్నది.

"నేనెందుకు వస్త? నా చేతుల ఒకటి సచ్చిందంటిరి గద. ఇంకోదాన్ని గూడ సంపియ్యాల్నా?"

"గట్ల ఎవరన్నరు అత్తమ్మా..."

"నీ మొగడన్నడు. పిల్ల అన్నది. నువ్వు అనలే. నువ్వు అనకుండ ఊకున్నవ్."

నేను నేల చూసిన.

"రెబెక్కా, ఆ రోజు బట్టలు తీస్తందుకు నేను మూడు గంటలకు పైకి వోయిన. రూంకు తాళమేసి ఉంది. నా దగ్గర ఆ తాళంచెవి ఎన్నడన్న ఉండెనా? లోపట కుక్క ఉన్నదని నాకేం ఎరుక. చప్పుడు లేకుండె. పిల్ల ఎంబడి చర్చికి పోయిందనుకున్న. ఆ తలుపుకు ఆనుకొని నిలవడ్డ, బట్టలు మడతవెట్టిన. అది లోపట్నే ఉండె. గది యాదికొస్తే నాకు ఇప్పటికి అన్నం దిగది."

"మరి ఎందుకు చెప్పలే అత్తమ్మా? తాళం సంగతి ఎవ్వరికి ఎందుకు చెప్పలే?"

"నాకు చెప్పలేదని మూడు సార్లు అన్న. ఎవరిన్నరు? తాళం మాట నువ్వే చెప్తవేమో అని చూసిన. ఇయ్యాల చెప్తది, రేపు చెప్తది. వారం రోజులు చూసి ఇటు వచ్చిన. ఇక్కడికొచ్చినంక గూడ ఫోన్ మోగితె నువ్వేమో అనుకునేదాన్ని."

ఆమె తిట్టలే. తిడితే మంచిగుండు. లేచి చేన్లకు పోయింది. నేను గట్టు మీద కూసోని, తర్వాత ఆటో ఎక్కిన. ఇంట్ల అడిగితే, "రానన్నది" అని చెప్పిన.

6 అక్టోబర్

డ్యూటీ. ఏం రాయబుద్ధయితలేదు.

7 అక్టోబర్

డ్యూటీ.

8 అక్టోబర్, బుధవారం

టీకాలు అయిపోయినయ్. ఆయా దేవుని ప్రార్థనకని ముందే పోయింది. సెంటర్ల ఒక్కదాన్నే ఉన్న. ఇప్పుడు రాస్తున్న.

అత్తమ్మ ఆ పొద్దున ఇంట్ల లేదు. ఏడున్నరకే మా గల్లీల ప్రార్థన కూడికకు పోయింది. అందుకే మొఖం యాదికొస్తలేదు. నేను ఆమెకు చెప్పలే. చెప్పాలనుకున్న. ఆటోల కూసున్నంక ఫోన్ చేసి చెప్పాలె అనుకున్న. అది యాదికున్నది, చేసినట్టే యాదికున్నది. చెయ్యలే.

తాళం నేనే ఏసిన. గొళ్ళెం లూజు, బంటి నూకితే వస్తది, అందుకని. తాళంచెవి నా బ్యాగులనే ఉండె, టీకాల కార్డుల కింద. ఆ రోజు నలభై ఒక్క మంది పిల్లలు. ఒక్కసారి గూడ బంటి యాదికి రాలే. సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చి బ్యాగుల చెయ్యి పెట్టినప్పుడు చెవి చేతికి తగిలింది.

పైకి ఉరికిన. తాళం తీసిన. తలుపు కాడనే పడి ఉన్నడు.

తాళం కొంగుల చుట్టుకొని వానిని కిందికి తెచ్చిన. ప్రేమ్ వచ్చి "ఎట్లా?" అంటే, "అత్తమ్మకు చెప్పిన, తలుపు తియ్యమని" అన్న. ఆలోచన చేసి అనలే. ఎవరో నా నోట్ల పెట్టినట్టు వచ్చింది. అన్నంక మళ్ళ వాపస్ తీసుకునుడు నాతోని కాలే. ఒక గంట ఆగి చెప్త అనుకున్న. పొద్దున చెప్త అనుకున్న. తర్వాత నాకే నిజమనిపిచ్చుడు మొదలైంది.

పుట్టుకతోని రోగమున్నా, మూతి చప్పిడున్నా, కింద కూలర్ దగ్గర ఉంటే ఆ రోజు సచ్చేటోడు కాదు. నేను నర్సును, నాకు తెల్వదా?

రాసిన. నిమ్మళమేం కాలే.

11 అక్టోబర్, శనివారం

పొద్దున టీ తాగేటప్పుడు ప్రేమ్‌కు చెప్పిన. తాళం, చెవి, ఫోన్ చెయ్యంది, అంత.

లొల్లి చేస్తడనుకున్న. చెయ్యలే. టీ సల్లారేదాక గిలాసను చూసుకుంట కూసున్నడు. "మా అమ్మ మూడు సార్లు చెప్పింది నాకు. నేను ఇనలే. అమ్మ మాట ఇనక నీ మాట ఇన్న" అన్నడు. తర్వాత బండి తాళాలు తీసుకొని సీదా నవాబుపేటకు పోయిండు. యూనిట్‌కు ఫోన్ గూడ చెయ్యలే.

సాయంత్రం ఒక్కడే వచ్చిండు. "ఏమన్నది?" అంటే, "తిన్నవా అన్నది" అన్నడు. ఇంకేం చెప్పలే.

12 అక్టోబర్, ఆదివారం

చర్చి నుంచి వచ్చినంక కెజియాను ముంగట కూసోబెట్టుకొని చెప్పిన. ప్రేమ్ పక్కన కూసున్నడు.

"బంటి అరిచిండా?" అని అడిగింది.

"నాకు తెల్వదు బిడ్డా. నేను లేను."

"నానమ్మకు తెలుసా నువ్వే ఏసినవని?"

"తెలుసు."

అప్పుడు ఏడ్చింది. "నేను నానమ్మతోని బంటిని నువ్వే చంపినవ్ అన్న. పో మా ఇంట్ల నుంచి అన్న. నువ్వు పక్కన్నే ఉన్నవ్. నన్ను ఆపలే."

నిజమే. పక్కన్నే ఉన్న. ఈ సంగతి ఇయ్యాలటిదాక నాకు యాదికి గూడ లేదు. ఆ పిల్ల నోట్లకెల్లి ఇంటుంటే ఆ రోజు హాలు, ఆ ఫ్యాను, అత్తమ్మ సంచిల చీరలు సదురుకునుడు, అంత కండ్ల ముంగట నిలవడ్డది.

తనకు ఫోన్ లేదు గద, డాడీ ఫోన్ తీసుకొని అర్రలకు పోయి నానమ్మకు చేసింది. ఏం మాట్లాడిందో ఇనలే. నేను ఇనొద్దు గూడ.

13 అక్టోబర్

కెజియా నాతోని మాట్లాడ్తలేదు. అరుణాదేవి మేడంకు ఫోన్ చేసి నిజం చెప్పిన. కుక్క ఇయ్యకున్నా సరే, గుండె జబ్బని అబద్ధం చెప్పిన అది దిద్దుకుంటందుకు చేసిన అన్న. ఆమె, "సరే. ఆ రోజే అనుమానమొచ్చింది. అత్తమ్మ వస్తే తోలుకొని రా" అన్నది. అంటే ఇస్తదా, ఇయ్యదా? అడిగే ధైర్యం కాలే.

18 అక్టోబర్, శనివారం

అత్తమ్మ వచ్చింది. ప్రేమ్ బండి మీద, మధ్యాహ్నం. కెజియా గేటు కాడనే పట్టుకున్నది, సంచి గూడ దించనియ్యలే.

నేను వంటింట్ల నుంచి వచ్చి, "అత్తమ్మా, మాఫ్ చెయ్యి" అన్న. అందరి ముంగట.

"కుక్క కోసం వచ్చిన" అన్నది. "పిల్ల అడిగింది, వచ్చిన. నీ సంగతి తర్వాత."

తర్వాతంటే ఎప్పుడో తెల్వదు. నీళ్ళిస్తే తీసుకున్నది. తీసుకున్నదంటే మంచిదేనా? ఏం అర్థమైతలేదు.

26 అక్టోబర్, ఆదివారం

వికారాబాద్. ఈసారి నలుగురం.

మేడం అత్తమ్మను పక్కకు తీస్కపోయి మామిడి చెట్టు కింద కుర్చీ ఏసింది. అర్ధగంట మాట్లాడుకున్నరు. ఒకసారి అత్తమ్మ నా దిక్కు చెయ్యి చూపిచ్చింది. ఒకసారి ఇద్దరు నవ్విండ్రు. నేను రాణికి నీళ్ళు పెట్టుకుంట నిలవడ్డ, ఇంటర్వ్యూకు పోయినదాని లెక్క.

వచ్చి, "మీ అత్తమ్మ మేకలు సాదిన మనిషి. నాకంటే ఎక్కువ తెలుసు" అన్నది మేడం.

అత్తమ్మ పచ్చ దారం దాన్ని కింద ఇడిసి, ఆ మూల నుంచి ఈ మూలకు ఉరికిచ్చింది. తర్వాత ఎత్తుకొని చెవి దాని పొట్టకు ఆనిచ్చి ఇన్నది. నోరు తెరిచి చిగుళ్ళు చూసింది. ముక్కు మీది మడత వేలుతోని ఇప్పి వాసన చూసింది. "మంచిగున్నది. చప్పుడు లేదు" అన్నది. కెజియా ఎర్ర దారం దాని దగ్గరికి పోయి దాన్ని ఒకసారి దువ్వి, వాపస్ వచ్చింది. "దీన్నే తీసుకుందాం నానమ్మా" అన్నది.

మేడం కాగితం తీసింది. ఎండాకాలం పగలు బయటికి తిప్పొద్దు. బరువు పెరగనియ్యొద్దు. మీతోని కాకపోతే ఇంకొకరికి ఇయ్యొద్దు, నాకే వాపస్ తేవాలె. కింద ఒక గీత, బాధ్యత ఎవరిది అని. పెన్ను ప్రేమ్‌కు ఇచ్చింది. ప్రేమ్ నాకిచ్చిండు. నేను పట్టుకొని నిలవడ్డ.

"చంద్రవ్వ అని రాయి" అన్నది అత్తమ్మ. "నేను ఏలు ముద్ర ఏస్త. కింద నీ పేరు గూడ రాయి. ఇద్దరివి ఉండాలె."

రాసిన. అత్తమ్మ పేరు పైన, నా పేరు కింద.

"ఇంకో వారం తల్లి దగ్గర్నే ఉండనీ. పది వారాలు నిండినంక రండి" అన్నది మేడం.

2 నవంబర్, ఆదివారం

తెచ్చినం. వేరుశనగ పొట్టు రంగుల ఉన్నదని కెజియా పల్లీ అని పేరు పెట్టింది. వచ్చే తొవ్వంత అత్తమ్మ ఒళ్ళనే ఉంది. ఇంటికొచ్చినంక హాల్ల కూలర్ పక్కన పరుపు ఏసిండ్రు. నేను ఎత్తుకుంటందుకు వంగితే కెజియా ముందే ఎత్తుకున్నది. "నువ్వు వద్దు" అన్నది. మెల్లగనే అన్నది. ప్రేమ్, అత్తమ్మ ఇద్దరు ఇన్నరు.

నేను లేచి గిన్నెల నీళ్ళు పోసి పెట్టిన.

5 నవంబర్, బుధవారం

పల్లీ రెండో టీకా శుక్రవారం. హనుమంతు వస్తడు. రోజంత అత్తమ్మ ఎనుకనే తిరుగుతున్నదట. అత్తమ్మ నాతోని అవసరమున్న మాటలు మాట్లాడుతున్నది. ఉప్పు, నీళ్ళు, గ్యాసు. నిన్న ఒకసారి మర్చిపోయి నవ్వింది గూడ, మళ్ళ యాదికొచ్చి ఆపింది.

8 నవంబర్

ఇది మాఫీ దిక్కు పోతున్నదా, గిట్లనే అలవాటైతదా? రెండింటికి తేడా బయటి నుంచి తెల్వదు. లోపలి నుంచి గూడ తెలుస్తలేదు.

11 నవంబర్, మంగళవారం

ఆటోల కూసోని రాస్తున్న, అక్షరాలు వంకరపోతున్నయ్.

పొద్దున కెజియా బడికి తయారై పల్లీని ఎత్తుకొని వంటింట్లకు వచ్చింది. నేను ఆమె టిఫిన్ డబ్బా సదురుతున్న.

"ఎందుకు చెప్పలే మమ్మీ? అన్ని రోజులు?"

నెల రోజుల నుంచి ఈ మాట కోసమే భయపడుతున్న. జవాబులు శాన తయారు చేసి పెట్టుకున్న. అవన్ని ఇడిసిపెట్టి డబ్బా మూత పెట్టిన.

"భయమైంది బిడ్డా. ఒక రోజు చెప్పకపోతే రెండో రోజుకు ఇంకా ఎక్కువైంది."

ఆలోచించింది. "నాకు గూడ లెక్కలల్ల మార్కులు తక్కువొస్తే గట్లనే అయితది" అన్నది. కొంచెం ఆగి, "కాని నేను చెప్త" అన్నది.

"అవును. నువ్వు చెప్తవ్."

బయట బడి ఆటో హారన్ కొట్టింది. కెజియా తన కాళ్ళ దిక్కు చూసుకున్నది. షూ లేసులు రెండు ఇడిపోయి ఉన్నయ్.

"జర దీన్ని పట్టుకో" అని పల్లీని నా చేతులల్ల పెట్టి, కింద కూసోని లేసులు కట్టుకునుడు మొదలుపెట్టింది. తొందరేం పడలే.